నచ్చని సంగీతంతో మనకేం పని?

సంగీతాన్ని గురించి మన సాహిత్య పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ప్రశంసలే. నచ్చిన గాయకుణ్ణి గురించీ, నచ్చిన వాగ్గేయకారుణ్ణి గురించీ రాస్తాం. నచ్చని సంగీతం దగ్గరికి వచ్చేసరికి మన వైఖరి మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి మౌనం, రెండు వెటకారం. అధికారం చేతిలో ఉంటే మూడోది నిషేధం. చర్చ అనే నాలుగో మార్గం ఒకటుందన్న సంగతి మనకు తరచు గుర్తుకు రాదు. “మనకు నచ్చనప్పుడు దాన్ని గురించి మాట్లాడి కాలం వృథా చేసుకోవడం ఎందుకు?” అని అడిగే సాహిత్య మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్నకు సిద్ధాంతంతో కంటే చరిత్రతో జవాబు చెప్పడం మంచిదని నేననుకుంటాను.

హార్మోనియం చరిత్రనే తీసుకుందాం. 1840 ప్రాంతంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ రూపొందించిన ఈ వాద్యం మిషనరీల వెంటా, తెల్లదొరల కుటుంబాల వెంటా మనదేశం చేరింది. కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ వాయించే ఆ పెట్టెను, నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేత్తో మెట్లు నొక్కేందుకు వీలుగా ఇక్కడివాళ్లు మార్చుకున్నారు. ఈ మార్పులో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వార్కిన్ కంపెనీ పేరు ముందుగా చెప్పుకోవాలి. అక్కణ్ణించి అది నాటక కంపెనీలకూ, భజన మందిరాలకూ, హరికథా వేదికలకూ, ఖవ్వాలీలకూ పాకింది. కారణాలు స్పష్టమే. వీణలాగా, సారంగిలాగా కూర్చున్న ప్రతిసారీ శ్రుతి చేసుకోనక్కరలేదు. మైకు లేని రోజుల్లో వందలాది జనానికి వినబడేది. గురుకులవాసం చేయనివాడు కూడా నాలుగు పాటలు వాయించుకోగలిగేవాడు. ఆ రకంగా సంగీతం కొద్దిమంది ఇళ్లు దాటి వీధిలోకి రావడానికి తోడ్పడిన వాద్యాల్లో ఇది ఒకటి.

ఇదే వాద్యాన్ని సంగీతజ్ఞుల్లో కొందరు తీవ్రంగా అసహ్యించుకున్నారు. ఆనంద కుమారస్వామి 1909 నాటికే దీన్ని జాతీయ కళకు హానికరమని విమర్శించారు. ఢిల్లీ రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నడిపిన ఇంగ్లీషు స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1938లో రేడియో పత్రికలో దీనికి వ్యతిరేకంగా వ్యాసం రాశారు. 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తా కేంద్రానికి ఉత్తరం రాస్తూ దీన్ని తొలగించమని కోరారు. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషిద్ధమైంది. ఇంగ్లీషువాడూ, జాతీయవాదీ, విశ్వకవీ ఒకే పక్షాన నిలబడ్డ అరుదైన సందర్భం ఇది.

వాళ్ల వాదాన్ని మనం తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. అందులో బలముంది. హార్మోనియం మెట్లు స్థిరమైనవి. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలే దాని మీద పలుకుతాయి. మన రాగాలకు ప్రాణం స్వరాల్లో కంటే, ఒక స్వరం నుంచి మరో స్వరానికి సాగే దారిలో ఉంది. కర్ణాటక సంగీతంలో గమకమన్నా, హిందుస్తానీలో మీండ్ అన్నా ఆ దారే. హార్మోనియం ఆ దారిని చూపలేదు, మెట్టు నుంచి మెట్టుకు దూకుతుంది. పక్కవాద్యంగా దాన్నే వింటూ పాడేవాడి గొంతు కూడా మెట్లుమెట్లుగా తయారవుతుందని వాళ్లు భయపడ్డారు. ఆ భయం నిరాధారమైనది కాదు.

కానీ ఈ సరైన పరిశీలనతోపాటు సరికాని వాదాలు కూడా కలగాపులగంగా వచ్చాయి. “విదేశీ వాద్యం” అన్నది వాటిలో ఒకటి. విదేశీయమే అభ్యంతరమైతే వయొలిన్ సంగతేమిటి? పంతొమ్మిదో శతాబ్దపు తొలిదశలో బాలుస్వామి దీక్షితర్, తంజావూరు వడివేలు వంటివారు దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుగువాళ్లకు గర్వకారణమయింది. వయొలిన్ తీగమీద వేలు జారుతుంది కనుక గమకం పలుకుతుంది. అంటే అసలు సమస్య పుట్టిన దేశం కాదు, పలికే పద్ధతి. ఈ రెండింటినీ విడదీసి చూడటం చర్చలో మాత్రమే సాధ్యం. ఉత్తర్వుకు ఆ అవసరం ఉండదు. “వద్దు” అంటే దానికి సరిపోతుంది.

మరొక ప్రశ్నను ఆ ఉత్తర్వు అసలు పట్టించుకోలేదు. ఈ పెట్టె ఎవరి చేతుల్లో ఉంది, ఎందుకుంది అన్నది ఆ ప్రశ్న. నాటక కంపెనీ హార్మోనిస్టుకూ, ఊరి భజన బృందానికీ గమకం సమస్య కాదు. పదిమంది గొంతులు ఒక శ్రుతిలో నిలపడం వాళ్ల సమస్య. ఆ పనికి అది సరైన పనిముట్టే. ఒక రంగంలోని లోపాన్ని అన్ని రంగాలకూ అంటగట్టడం విమర్శ అనిపించుకోదు.

నిషేధం మూడు దశాబ్దాలు సాగింది. ఈ కాలంలో రేడియోలో సారంగికి చోటు దొరికిందన్న మాట నిజమే. అయితే రేడియో బయట హార్మోనియం హాయిగా బతికింది. హిందుస్తానీ గాత్ర కచేరీల్లో పక్కవాద్యంగా స్థిరపడింది. 1970లో ఆకాశవాణి ఈ వాద్యం మీద ఢిల్లీలో సదస్సు జరిపింది. అనుకూలురూ, ప్రతికూలురూ మాట్లాడారు. 1971లో నిషేధం పాక్షికంగా సడలింది. అర్హులైన కళాకారులకు పక్కవాద్యంగా అనుమతి దొరికింది, సోలో వాదనకు మాత్రం దొరకలేదు. ఈ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది అటుంచుదాం. “హార్మోనియం కావాలా, వద్దా?” అన్న మొరటు ప్రశ్న “ఏ సందర్భంలో, ఎవరి చేతిలో, ఏ పనికి?” అన్న సూక్ష్మమైన ప్రశ్నగా మారింది. మనకు ముఖ్యమైనది ఆ మార్పు.

స్వాతంత్ర్యం తర్వాత ఇదే కథ సినిమా పాట విషయంలో మళ్లీ జరిగింది. 1952లో సమాచార ప్రసార శాఖ బాధ్యతలు చేపట్టిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు జాతి అభిరుచిని చెడగొడుతున్నాయని నమ్మారు. ఆకాశవాణిలో వాటికి చోటు కుదించారు. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. 1952 చివర్లో అక్కడ మొదలైన బినాకా గీత్‌మాలాకు దేశమంతా చెవులప్పగించింది. చివరికి 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధభారతి ప్రారంభించి సినిమా పాటను లోపలికి పిలవాల్సివచ్చింది. ప్రజల అభిరుచిని మార్చదలచినవాడు ముందు దాన్ని అర్థం చేసుకోవాలన్న పాఠం ఇందులో ఉంది.

అయితే అదే కాలంలో ఆకాశవాణి కేంద్రాల్లో మరో పని కూడా జరిగింది. సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా లలిత సంగీతాన్ని పెంచారు. మద్రాసు, విజయవాడ కేంద్రాల్లో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషి వల్ల తెలుగు కవుల గేయాలు ఇంటింటా వినబడ్డాయి. నచ్చనిదాన్ని ఆపడం కంటే దానికి దీటైనదాన్ని సృష్టించడం ఎక్కువ ఫలితమిచ్చిందన్నమాట. అలా సృష్టించాలంటే ముందు ఆ నచ్చని పాటలో జనానికి ఏం దొరుకుతున్నదో తెలియాలి. పల్లవి చిన్నదిగా ఉండటమా, లయ సులువుగా ఉండటమా, మాట స్పష్టంగా వినబడటమా అని అడగాలి. ఆ అడగడాన్నే నేను చర్చ అంటున్నాను.

ఇక మన నాటకరంగానికి వద్దాం. పౌరాణిక నాటకాల్లో పద్యాన్ని రాగంతో సాగదీయడం నాకు ఇష్టం లేదు. యుద్ధానికి సిద్ధమైనవాడు ఆగి ఆలాపన చేయడం, జనం “వన్స్ మోర్” అంటే కథను ఆపి అదే పద్యం మళ్లీ ఎత్తుకోవడం నాటకానికి హాని అనే ఇప్పటికీ నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి పెద్ద అండ బళ్లారి రాఘవ. ఆయన దీన్ని వెక్కిరించి ఊరుకోలేదు. నటనకు, భావానికి ప్రాధాన్యమిచ్చి పాటను తగ్గించి చూపించారు. పి.వి. రాజమన్నారు రాసిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక వచన నాటకాలను ప్రదర్శించారు. ఆయన అయిష్టానికి ఒక కారణముంది, ఆ కారణానికి ఆచరణ ఉంది.

కానీ నా అయిష్టం నాకొక ప్రశ్న వేస్తుంది. అక్షరం రాని రైతు తిరుపతి వెంకటకవుల పద్యాన్ని పొల్లు పోకుండా ఎలా చెప్పగలిగాడు? ఛందస్సు చదువుకున్న మన విద్యార్థికి రాని ధారణ అతనికెలా వచ్చింది? నేను సాగదీత అంటున్న ఆ రాగమే పద్యాన్ని అతని దగ్గరకు మోసుకుపోయిన బండి. ఉత్పలమాల, చంపకమాల బడి గోడలు దాటి రచ్చబండ చేరింది ఆ బండి మీదనే. హార్మోనియం ఆ బండికి చక్రం. ఈ విషయం అంగీకరించినంత మాత్రాన సాగదీత నాకు ఇష్టమైపోలేదు. కానీ అది చేసిన పని నాకు తెలిసింది. నచ్చినదాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఇటువంటి ప్రశ్నలు మనకు తట్టవు. ఇష్టం కారణం అడగదు. అయిష్టం, నిజాయితీ ఉంటే, కారణం అడిగితీరుతుంది.

ఈ తప్పులన్నీ ప్రభుత్వాలవీ, సంప్రదాయవాదులవీ అనుకుని మనం తృప్తిపడటానికి వీల్లేదు. షోస్టకోవిచ్ రాసిన ‘మ్త్సెన్స్క్ లేడీ మక్‌బెత్’ ఒపేరా 1934 నుంచి రెండేళ్లపాటు సోవియట్ వేదికల మీద జయప్రదంగా నడిచింది. 1936 జనవరి 28న ప్రావ్దా సంతకం లేని వ్యాసంలో దాన్ని దుయ్యబట్టింది. అది చర్చ కాదు, తీర్పు. అదే ఏడాది ఆయన తన నాలుగో సింఫనీని ప్రదర్శనకు ముందే ఉపసంహరించుకోవలసివచ్చింది. అది 1961 దాకా వినబడలేదు. 1948 ఫిబ్రవరి 10 నాటి పార్టీ తీర్మానం షోస్టకోవిచ్‌తోపాటు ప్రొకోఫియెవ్, ఖచతూరియన్ వంటివారిని కూడా ప్రజావ్యతిరేక ధోరణి పేరిట ఖండించింది. 1958 మే 28న పార్టీయే ఆ అంచనాలు అన్యాయమైనవని ఒప్పుకుంది. అప్పటికి ప్రొకోఫియెవ్ చనిపోయి ఐదేళ్లయింది. సంగీతం ప్రజలకు అర్థం కావాలన్న ఆశయం గొప్పదే. ఆ ఆశయం జవాబు చెప్పే అవకాశం లేని చోట ఆయుధంగా మారింది. ఎదుటివాడు జవాబు చెప్పగలిగినప్పుడే అది చర్చ అవుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. జంగం కథ ఒకప్పుడు పండితుల దృష్టిలో బిచ్చగాళ్ల పాట. దాని ఇతివృత్తాలు కూడా అభ్యుదయవాదికి నచ్చేవేమీ కావు. అయినా 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు దాన్ని పక్కకు నెట్టలేదు. కథకుడూ, ఇద్దరు వంతలూ, డక్కీల మోతా, మధ్యలో హాస్యం, అన్నింటినీ విడివిడిగా పరిశీలించి, పనికొచ్చేది ఉంచుకుని, బుర్రకథను కొత్త చరిత్రకు గొంతుగా మలిచారు. షేక్ నాజర్ పేరు చెబితే చాలు. విషయం నచ్చలేదని రూపాన్ని కూడా పారేసి ఉంటే ఆ గొంతు మనకు దక్కేది కాదు.

నా తరగతిలో నేనొక చిన్న పద్ధతి పాటిస్తాను. విద్యార్థి తనకు నచ్చని పాటను గురించి ఒక పేజీ రాయాలి. బాగుంది, బాగాలేదు, చెత్త అన్న మాటలు వాడకూడదు. సాహిత్యం నచ్చలేదా, వరస నచ్చలేదా, పాడిన తీరు నచ్చలేదా, వినిపించిన చోటు నచ్చలేదా అన్నది చెప్పాలి. పెళ్లి ఊరేగింపులో డీజే మోతను తిట్టిన పిల్లలు చాలామంది చివరికి చెప్పేది ఆ చప్పుడు పరిమాణాన్ని గురించే. ఆ పాటకు ఆధారమైన తీన్మార్ దెబ్బ వాళ్లకు ఇష్టమే. తిట్టు ఎక్కడ తగలాలో తెలిసిన తర్వాతే విమర్శ మొదలవుతుంది.

అన్ని పాటలూ సమానమేనని నేను అనడం లేదు. స్త్రీని సరుకు చేసే పాట, ఒక కులాన్నో మతాన్నో కించపరిచే పాట వచ్చినప్పుడు వ్యతిరేకించి తీరాలి. కాని ఆ వ్యతిరేకతకు బలం చేకూరేది, ఆ పాట ఎందుకు జనం నోళ్లలో నానుతున్నదో చెప్పగలిగినప్పుడే. లేకపోతే మన ఖండన మనవాళ్లకే వినబడుతుంది. పాట మాత్రం వీధిలో సాగిపోతూనే ఉంటుంది.

కాబట్టి యువ విమర్శకులకు నా సూచన ఒక్కటే. ఈ ఏడాది మీకు నచ్చిన కవిని గురించి రాసే వ్యాసాల మధ్య, మీరు భరించలేని ఒక సంగీతాన్ని గురించి కూడా ఒక వ్యాసం రాయండి. రాసేముందు దాన్ని పూర్తిగా వినండి, వినేవాళ్లతో మాట్లాడండి. రాసిన తర్వాత దాన్ని అభిమానించేవాడికి చదవడానికి ఇవ్వండి. అతను మీతో ఏకీభవించనక్కరలేదు. “నేను వినేది దీన్నే, మీరు దీన్ని సరిగ్గానే వర్ణించారు” అని అతను అనగలిగితే ఆ వ్యాసం అచ్చుకు తగినదే.