చెలిమెకు పట్టా అక్కర్లేదు

ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల్లోకి గొత్తికోయలు ఎక్కువమంది ఎందుకొచ్చారో తెలియాలంటే 2005 గుర్తుపెట్టుకోండి. ఆ జూన్‌లో దంతెవాడ వైపు సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి, జనం సరిహద్దు దాటొచ్చి గుడిసెలేసుకున్నారు. ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చేసరికి ఆరేళ్లు గడిచాయి.

వచ్చినవాళ్లకి ముందు కావాల్సింది నీళ్లు. వాగులో ఇసుక తవ్వితే ఊరతాయి, అదే చెలిమె. సొరబుర్రతో నెమ్మదిగా తోడాలి, మళ్ళీ ఊరేదాకా ఆగాలి. ఎండాకాలం గొయ్యి లోతవుతుంది, వానాకాలం వరద పూడ్చేస్తుంది. టెండరు లేదు, మెయింటెనెన్సు గుంపు మొత్తానిది. అయితే ఇసుక మట్టిని ఆపుతుంది గానీ రోగాన్ని ఆపదు.

మరి బోరు వెయ్యొచ్చుగా అంటే, అటవీ భూమి అంటారు. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కి ముందే ఆ భూమిలో ఉండాలి. చాలామంది ఆ తర్వాతొచ్చినవాళ్లే. కానీ అదే చట్టం సెక్షన్ 3(2) చూడండి: గ్రామసభ సిఫార్సుతో, హెక్టారు లోపు భూమిని, హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకుండా, ప్రభుత్వం తాగునీటికి వాడొచ్చు. ఆ సెక్షన్లో కటాఫ్ తేదీ ఊసే లేదు.

నా పాయింటు ఇదే. భూమి హక్కు ఒక టేబులు, తాగునీళ్లు ఇంకో టేబులు. రెండిటినీ జాయిన్ చేసి, మొదటిదాంట్లో పేరు లేదు కాబట్టి రెండోదీ ఖాళీ అనడం అన్యాయం. పట్టా గొడవ ఎన్నేళ్లైనా నడవనీండి, దాహం అన్నాళ్లు ఆగదు కదా!