మత్తుకు కొలబద్ద

మద్యపానం మానవునికి కొత్త కాదు. బండి తోలడమూ కొత్త కాదు. ఈ రెండూ కొన్నివేల సంవత్సరాలు పక్కపక్కనే నడిచినవి. సంత నుండి తిరిగి వచ్చే బండివాడు కల్లు మైకంలో గడ్డిమీద ఒరిగి నిద్రపోయినా, ఎద్దులకు దారి తెలుసు గనుక బండి ఇల్లు చేరేది. తోలేవాని తెలివి తప్పినా, లాగే పశువు తెలివి తప్పేది కాదు. మోటారు వచ్చిన తరువాత ఆ రెండవ తెలివి బండిలో లేకుండా పోయినది. ఇంజనుకు కండ్లు లేవు. ఇంటిదారి దానికి తెలియదు. పాత వ్యసనం కొత్త ప్రమాదంగా మారినది ఇక్కడనే. ఈ ప్రమాదాన్ని గుర్తించడానికి, కొలవడానికి, అదుపులో పెట్టడానికి జరిగిన కృషికి నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

ఇంగ్లండులో 1872లో వచ్చిన లైసెన్సింగు చట్టం, బాటమీద గుర్రాన్ని గాని, బండిని గాని, పశువులను గాని, ఆవిరియంత్రాన్ని గాని తాగిన స్థితిలో నడిపించేవానికి 40 షిల్లింగుల వరకు జరిమానా, లేదా ఒక నెల వరకు జైలు విధించవచ్చునని శాసించినది. అప్పటికి మోటారు కార్లు వీధులలోకి రాలేదు. పాతికేళ్లు గడిచిన తరువాత, 1897 సెప్టెంబరు 10న, లండను నగరంలో జార్జి స్మిత్ అనే టాక్సీ డ్రైవరు తన విద్యుత్ బండిని న్యూ బాండ్ వీధిలోని ఒక భవనానికి ఢీకొట్టినాడు. తాగినమాట తానే ఒప్పుకొన్నాడు. 25 షిల్లింగుల జరిమానా పడినది. తాగి మోటారు నడిపినందుకు పట్టుబడిన మొదటివాడుగా అతని పేరు చరిత్రకెక్కినది.

అందరూ అతనివలె ఒప్పుకొనరు గదా! “తాగినమాట నిజమే, కాని నేను మత్తులో లేను” అని బోనులో నిలిచినవాడు అంటే న్యాయాధిపతి ఏమి చేయవలెను? ఆ రోజులలో పోలీసువారికి ఉన్న సాధనాలు కన్నూ, ముక్కూ మాత్రమే. వాసన చూసేవారు. నేలమీద సుద్దగీత గీసి, దాని వెంబడి నడవమనేవారు. నాలుక మడతపడే మాటలు పలకమనేవారు. తాగుడు బాగా అలవాటైనవాడు గీత తప్పకుండా నడిచి ఇంటికి పోయేవాడు. తలకు దెబ్బ తగిలి తూలేవాడు తాగుబోతువలె కనబడేవాడు. దోషి తప్పించుకొనడానికీ, నిర్దోషి చిక్కుకొనడానికీ ఈ పద్ధతిలో సమానంగానే అవకాశం ఉండేది.

ఈ చిక్కుకు పరిష్కారం ప్రయోగశాలనుండి వచ్చినది. స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఎరిక్ విడ్‌మార్క్, కొద్ది చుక్కల రక్తంలో ఆల్కహాలు ఎంత ఉన్నదో లెక్కకట్టే పద్ధతిని 1922లో ప్రకటించినాడు. రక్తంలో చేరిన ఆల్కహాలును శరీరం దాదాపు ఒకే వేగంతో హరిస్తుందని కూడా ఆయన పరిశోధనలు చూపినవి. ఆ వేగం సామాన్యంగా గంటకు, నూరు మిల్లీలీటర్ల రక్తానికి, 15 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. చిక్కని కాఫీ తాగినా, మజ్జిగ తాగినా, తలమీద కడివెడు చన్నీళ్లు కుమ్మరించుకొన్నా ఆ వేగం పెరగదు. నిద్రమత్తు కొంత వదలవచ్చును గాని, రక్తంలోని మత్తు వదలదు. గడియారం ఒక్కటే దానికి మందు.

కొలత దొరికిన తరువాత చట్టానికి గీత దొరికినది. నార్వే దేశం 1936లో, రక్తంలో వేయింటికి అర పాలు మించి ఆల్కహాలు ఉన్నవాడు వాహనం నడిపితే నేరమేనని శాసించినది. 1941లో స్వీడన్ కూడా ఒక పరిమితిని నిర్ణయించినది. ఇక గీతమీద నడిచినాడా, తూలినాడా అన్న ప్రశ్నతో పని లేదు.

అయితే, రోడ్డుపక్కన ప్రతివాని రక్తమూ తీయడం సాధ్యమా? రక్తంలోని ఆల్కహాలు ఊపిరితిత్తుల ద్వారా శ్వాసలోకి వస్తుంది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రోలా హార్గర్ 1930 దశకంలో ‘డ్రంకోమీటరు’ అనే యంత్రాన్ని తయారుచేసినాడు. డ్రైవరు ఒక బుడగలోకి గాలి ఊదేవాడు. ఆ గాలిని పొటాసియం పర్మాంగనేటు ద్రావణం గుండా పంపితే, ఆల్కహాలు ఉన్న మేరకు రంగు వెలిసిపోయేది. ఆ రాష్ట్రపు పోలీసుశాఖ ప్రయోగశాలలోనే పనిచేసిన రాబర్టు బోర్కెన్‌స్టైన్ 1954లో ఇంతకంటె తేలికైన ‘బ్రెతలైజరు’ను నిర్మించినాడు. ఆయన నాయకత్వంలో 1962–63లో మిచిగాన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో ఒక పెద్ద పరిశీలన జరిగినది. ప్రమాదాలలో చిక్కుకొన్న డ్రైవర్లనూ, ప్రమాదం లేకుండా అవే దారులలో పోతున్న డ్రైవర్లనూ పరీక్షించి పోల్చి చూసినారు. రక్తంలో ఆల్కహాలు నూరు మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు దాటిన తరువాత ప్రమాదభయం అతివేగంగా పెరుగుతున్నదని తేలినది.

బ్రిటనులో రవాణా మంత్రిణి బార్బరా కాజిల్ తెచ్చిన చట్టం ఆ 80 మిల్లీగ్రాములనే పరిమితిగా స్వీకరించినది. 1967 అక్టోబరు 9న శ్వాసపరీక్ష అమలులోకి వచ్చినది. వ్యక్తిస్వాతంత్ర్యానికి భంగమని ఆమెపై నిందలు కురిసినవి. కాని మొదటి సంవత్సరంలోనే అక్కడి రోడ్డుమరణాలు వేయికి పైగా తగ్గినవి.

మన దేశపు 1939 మోటారు వాహనాల చట్టం, వాహనాన్ని అదుపుచేయలేనంతగా తాగినవానినే నేరస్థుడన్నది. అంటే, మళ్లీ ఆ పాత సుద్దగీత ప్రశ్నయే. 1988 చట్టానికి 1994లో జరిగిన సవరణతో శ్వాసయంత్రపు కొలతయే ప్రమాణమైనది. నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు మన పరిమితి. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. ఆ జరిమానాను 2019 సవరణ 10,000 రూపాయలకు పెంచినది.

ఈ చరిత్ర అంతా ఒక్క సత్యం చుట్టూ తిరుగుతున్నది. కాళ్లు తడబడడానికి ముందే, మంచిచెడ్డలు తూచే శక్తి తడబడుతుంది. “నాకేమీ కాలేదు” అని చెప్పే ఆ బుద్ధియే మొదట మత్తెక్కుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క క్షణంలో, అంటే సెకనులో, సుమారు 17 మీటర్లు సాగిపోతుంది. బ్రేకుమీదికి కాలు పోవడంలో అరసెకను ఆలస్యమైతే, బండి ఎనిమిది మీటర్లు అదనంగా ముందుకు పోతుంది. రోడ్డు దాటుతున్న పసివానికి ఆ ఎనిమిది మీటర్లే ఆయుర్దాయం.

పోలీసువారి యంత్రం రోడ్డుమీదనే ఉంటుంది. అదీ అన్ని రోడ్లమీదా, అన్ని రాత్రులూ ఉండదు. అంతకు ముందే నిర్ణయం జరిగే చోటు ఒకటున్నది. అది విందు జరిగే ఇల్లు. తాగదలచినవాడు గ్లాసు అందుకొనక ముందే బండి తాళంచెవి ఇంకొకరికి అప్పగించవలెను. అతడు మరచితే, పిలిచిన గృహస్థు అడిగి తీసుకొనవలెను. ఆ రాత్రికి పడక చూపడమో, వేరొక బండిలో పంపడమో ఆతిథ్యంలో భాగమే. అందుకు అతిథి కోపగించినా, తెల్లవారేసరికి ఆ కోపం చల్లారుతుంది.