గాలితో చల్లారు ఇంజను: పంకా మార్పుల చరిత్ర

వేసవిలో సాయంకాలము ఆరు గంటల వేళ హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ కూడలివద్ద నిలిచి చూచినచో ఒక చిన్న వింత గమనింపవచ్చును. పచ్చదీపము కొరకు ఆగిన వాహనములలో మోటారుసైకిళ్లు, ఆటోరిక్షాలు పక్కపక్కనే ఉండును. వానిలో అనేకముల ఇంజన్లకు నీటితొట్టి లేదు. గాలియే వానిని చల్లార్చవలెను. మోటారుసైకిలు ఇంజను ఆరుబయట ఉన్నది; బండి పరుగెత్తునపుడు ఎదురుగాలి దానికి తగులును, ఆగినపుడు తగలదు. ఆటో ఇంజను వెనుకభాగమున మూసిన అరలో ఉన్నది. అయినను కూడలి తరువాత కూడలిలో ఆగుచు రోజంతా పనిచేయుచున్నది. దాని ఇరుసు కొననున్న ఫ్లైవీలుకు రెక్కలు ఉండుటయే దీనికి కారణము. బండి కదలినను కదలకున్నను, ఇంజను తిరిగినంతసేపు ఆ రెక్కలు రేకుతొడుగు గుండా సిలిండరుమీదికి గాలిని తోలుచుండును.

ఈ ఏర్పాటును జనసామాన్యమునకు పరిచయము చేసినది 1946లో ఇటలీలో వెలువడిన వెస్పా స్కూటరు. దానిని రూపొందించిన కొరాడినో దస్కానియో అంతకు ముందు హెలికాప్టర్లు నిర్మించినవాడు. గాలిని రెక్కలతో తోలుట ఆయనకు కొత్త విద్య కాదు. అదే పియాజియో సంస్థ 1948లో ఆపే అను మూడు చక్రముల బండిని తయారుచేసినది. తరువాత పియాజియో లైసెన్సుతో బజాజ్ సంస్థ మనదేశమున స్కూటర్లు, ఆటోలు నిర్మించినది. నేటి ఆటో వంశవృక్షము ఆ విధముగా వెస్పాను చేరుచున్నది.

పంకా చరిత్రలో అసలు చిక్కులు మాత్రము ఆటోలో కాక, అతివేగముగా పోవు కార్లలో ఎదురైనవి. ఫెర్డినాండ్ పోర్షే 1930లలో రూపొందించిన ఫోక్స్‌వాగన్ కారులో ఇంజను వెనుక ఉన్నది. ఎదురుగాలి అక్కడికి చేరదు కనుక డైనమో ఇరుసుమీదనే పంకా అమర్చి, దానిని బెల్టుతో తిప్పిరి. ఆ కారులో చాలకాలము ఒక లోపము ఉండెను. నూనెను చల్లార్చు పరికరము గాలితొడుగులోనే, మూడవ సిలిండరుకు పైగా ఉండుటచే ఆ సిలిండరుకు చేరు గాలి తక్కువ, చేరినది కూడ అప్పటికే వేడెక్కినది. తక్కిన మూడు సిలిండర్లు బాగున్నను మూడవదాని కవాటము మాడిపోవుట మెకానిక్కులకు నిత్యానుభవము. 1971 సంవత్సరపు నమూనాలలో ఆ పరికరమును పక్కగదిలోనికి జరిపి, పంకాను వెడల్పు చేసిన తరువాత గాని ఈ బాధ తగ్గలేదు. పంకా ఎంత గాలి తోలుచున్నదన్నది ఒక ప్రశ్న. ఆ గాలి ఎక్కడికి పోవుచున్నదన్నది వేరొక ప్రశ్న.

ఆ ఇంజను సంతతిలోనిదే 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనబడిన పోర్షే 911. రెండు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను, 130 అశ్వశక్తి. దానికి 245 మిల్లీమీటర్ల వ్యాసము, 11 రెక్కలు గల పంకా అమర్చిరి. విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరు ఈ పంకా నడిబొడ్డులో ఇమిడి, అదే ఇరుసుమీద తిరుగును. ఇంజను ఒక చుట్టు తిరిగినచో పంకా 1.3 చుట్లు తిరుగునట్లు కప్పీలను అమర్చిరి.

క్రమముగా ఇంజను పెద్దదయ్యెను, శక్తి పెరిగెను, దానితో వేడియు పెరిగెను. అప్పుడు పంకాను ఏమి చేయవలెను? వేగముగా తిప్పుటయే సులభమని ఎవరికైనను తోచును. ఇక్కడ భౌతికశాస్త్రము అడ్డుపడును. పంకా తోలు గాలి దాని వేగముతో సమానముగా పెరుగును. అది మింగు శక్తి మాత్రము వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. వేగము రెండింతలైనచో గాలి రెండింతలు, ఖర్చగు శక్తి ఎనిమిదింతలు. ఆ శక్తిని ఇచ్చునది చల్లారవలసిన ఇంజనే! 1969లో వచ్చిన పోర్షే 917 పందెపు కారులో 12 సిలిండర్ల ఇంజనుపై అడ్డముగా పరుండబెట్టిన పంకా గరిష్ఠవేగమున సుమారు 17 అశ్వశక్తిని తినివేసెడిది. ఒక చిన్నకారును నడుపుటకు అది చాలును.

1976లో 911కు పంకా మారినది. 11 రెక్కలకు బదులు 5 రెక్కలు, 1.3కు బదులు 1.8 చుట్లు. వేగము పెరిగినచో ఇంజను మెల్లగా తిరుగునపుడు కూడ ఆల్టర్నేటరు బాగుగా పనిచేయును. ఆ లాభము నిజమే. చల్లదనము విషయమున మాత్రము ఈ మార్పు మంచిపేరు తెచ్చుకొనలేదు. పైగా ఆ యేండ్లలో అమెరికాకు పంపిన కార్లకు పొగను శుభ్రపరచుటకై ఇంజను పక్కనే పొగను మండించు ఉపకరణములు చేర్చిరి. అవి మరింత వేడి పుట్టించెడివి. ఆ కార్ల యజమానులు అనేకులు ఐదు రెక్కల పంకాను తీసివేసి పదకొండు రెక్కలదానిని తిరిగి తగిలించుకొనిరి.

సంస్థయు 1978లో 11 రెక్కలకే మరలినది. అయితే ఆ పంకా వ్యాసము 226 మిల్లీమీటర్లే, చుట్లు 1.8. తిరిగి 1980 నమూనాలో 245 మిల్లీమీటర్ల పంకాను పెట్టి, చుట్లను సుమారు 1.67కు తగ్గించిరి. ఈ చిన్న మార్పును విద్యార్థులు లెక్కవేసి చూడదగును. ఒకే అచ్చులోని పంకాలలో గాలి వ్యాసపు ఘనమును బట్టి, శక్తి వ్యాసపు ఐదవ ఘాతమును బట్టి మారును. రెండు పంకాలు ఒకే అచ్చువి అనుకొన్నచో కొత్తది ఇంచుమించు నూటికి 18 వంతులు అధికముగా గాలి తోలును. అందుకు అదనపు శక్తి నూటికి 20 వంతులు. చిన్నపంకానే వేగముగా తిప్పి అంత గాలి రాబట్టవలెనన్నచో శక్తి నూటికి 64 వంతులు పెరిగెడిది. పదునేడేండ్లలో తిరిగి తిరిగి మొదటి కొలతకే చేరుట కొందరికి నవ్వు తెప్పించవచ్చును గాని, ఆ కొలత మొదటనే సరియైనదని దీనివలన తేలినది.

అట్టి పాతకారును హైదరాబాదు వేసవిలో నడిపినచో ఏమగును? నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇందువలన గాలి సాంద్రత నూటికి 6 వంతులు తగ్గును. 20 డిగ్రీల గాలి 40 డిగ్రీలకు వేడెక్కినచో మరి 6 వంతులు తగ్గును. అనగా పంకా ప్రతి చుట్టుకును నూటికి 12 వంతులు తక్కువ బరువు గాలిని తోలుచున్నది. సిలిండరు తల 200 డిగ్రీలున్నచో గాలికిని దానికిని గల తేడా 180 నుండి 160కి పడిపోవును. రెండును కలిసి చల్లార్చు బలములో ఐదింట ఒక వంతును హరించును. ఆ లోటును వేగముతో పూడ్చుకొనుటకు పంకాను నాలుగవ వంతు వేగము పెంచి తిప్పినచో, పలుచని గాలిని లెక్కలోనికి తీసికొన్నను, శక్తి ఖర్చు నూటికి 70 వంతులు పెరుగును. అందుచేత పంకా మార్చుటకు ముందు రేకుతొడుగులోని సందులు మూయుట, ఫిన్నుల నడుమ పేరుకొన్న నూనెమడ్డి తుడుచుట, బెల్టు బిగి చూచుట మేలు. వీనికి ఒక్క అశ్వశక్తియు ఖర్చుకాదు.

గాలితో చల్లారు చివరి 911 కారు 1998 మార్చి 31న కర్మాగారమునుండి వెలువడినది. శబ్దము, పొగలపై కఠినమగుచున్న నియమములకును, సిలిండరుకు నాలుగు కవాటములకును గాలి చాలలేదు. ఆ తరువాతివన్నియు నీటి ఇంజనులే. అదే సంవత్సరము నవంబరు 22న ప్రధానమంత్రి వాజ్‌పాయి మాదాపురములో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినారు. ఆ భవనములలోను, వాని చుట్టు వెలసిన కార్యాలయములలోను ఉన్న కంప్యూటర్లను చల్లార్చునవి కూడ పంకాలే. పలుచని పెట్టెలో ఇమిడిన చిన్నపంకాలు గట్టిగా రొదచేయుచు మితిమీరిన వేగమున తిరుగును. చోటున్నచో నిర్మాతలు పెద్దపంకాను పెట్టి మెల్లగా తిప్పుదురు.