పండుకుంటే గుంజే కాళ్ళు

మా నాయనమ్మది జనగామ దగ్గర పల్లె. వేసవి సెలవులకు పోతే రాత్రిళ్ళు నాకో డ్యూటీ ఉండేది, ఆమె కాళ్ళు తొక్కడం. "ఇంకొంచెం గట్టిగ తొక్కు బిడ్డా" అనేది. నేను నిద్రపోయాక లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగేది. పిక్కలకు చీరపేలిక బిగించి కట్టుకునేది. పొద్దంతా నాట్లేసిన మనిషి, కాళ్ళు గుంజవా మరి అనుకున్నాం. అంతకు మించి ఎవరం ఆలోచించలేదు.

ముప్పై నాలుగో ఏట అదే గుంజుడు నాకొచ్చింది. నేను నాట్లేసేవాణ్ణి కాదు, రోజంతా కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాణ్ణి. రాత్రి మంచమెక్కగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు ఉండేది. నొప్పి కాదు, కానీ కాళ్ళు కదపకుండా ఉండలేను. లేచి నడిస్తే పోతుంది, పండుకుంటే మళ్ళీ వస్తుంది. అలసటే అయితే పండుకుంటే తగ్గాలి కదా? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

దీని గురించి మొదట వివరంగా రాసింది ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్, 1672లో, లాటిన్‌లో. మెదడు కింది రక్తనాళాల వలయానికి ఈయన పేరే పెట్టారు. నిద్రకు ఒరగగానే చేతులూ కాళ్ళూ ఎగిరిపడే రోగులకు పడక చిత్రహింసల చోటులా మారుతుందని రాశాడు. నల్లమందుతో చేసిన మందు ఇచ్చాడు. ఆ జాతి మందుల్ని ఇవాళ్టికీ, వేరే దారి లేని రోగులకు, తక్కువ మోతాదులో వాడుతున్నారు.

ఆ తర్వాత కథ వెనక్కి నడిచింది. 1861లో విట్‌మాక్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని 'కాళ్ళ ఆందోళన' అని, హిస్టీరియా లక్షణంగా లెక్కగట్టాడు. అంటే తప్పు కాళ్ళది కాదు, మనిషిది. 1945లో స్వీడన్ న్యూరాలజిస్ట్ కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ ఒక పుస్తకమే రాసి 'రెస్ట్‌లెస్ లెగ్స్' అని పేరు పెట్టాడు. పేరొచ్చాకే రోగుల మాటకు విలువొచ్చింది. గర్భిణుల్లో, రక్తహీనత ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువని కూడా గమనించారు. 1953లో నార్డ్‌లాండర్ అనే మరో స్వీడన్ వైద్యుడు రక్తనాళంలోకి ఐరన్ ఎక్కిస్తే చాలామందికి తగ్గిందని రాశాడు.

అక్కడ నాకు మహబూబాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ గుర్తొచ్చింది. రెండో కాన్పు ముందు మూడు నెలలు రాత్రంతా గోడకు కాళ్ళు తన్నిపెట్టి కూర్చునేది. బిడ్డ పుట్టాక పోయింది. "ఏం గాదు, గర్భిణికి గట్లనే ఉంటది" అన్నారు పెద్దలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. వాళ్ళందరికీ ఈ జబ్బు ఉండదు. కానీ 'కాళ్ళు గుంజుడు' అనే ఒక్క మాట కింద ఎన్ని జబ్బులు దాక్కున్నాయో!

భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసిన మా మేనమామ ఇంకో చిత్రం చెప్పేవాడు. నైట్ షిఫ్టులో ఆయన కాళ్ళు బుద్ధిగా ఉండేవట, సెలవు రోజు రాత్రి మాత్రం పండుకోనిచ్చేవి కావట. "నా కాళ్ళకు డ్యూటీ పిచ్చిరా" అని నవ్వేవాడు. అది పిచ్చి కాదు. ఈ జబ్బు గడియారం చూసుకుని సాయంత్రం లేస్తుంది, తెల్లారేసరికి సద్దుమణుగుతుంది. నడుస్తున్న మనిషి జోలికి రాదు.

మెదడు డోపమైన్ తయారుచేసుకోవడానికి ఐరన్ కావాలి. రక్తంలో సరిపడా ఉన్నా మెదడుకు చాలకపోవచ్చని 2000 తర్వాతి పరిశోధనలు చూపాయి. 1982లో టర్కీ వైద్యుడు అక్పినార్ డోపమైన్ దారిలో మందు కనిపెట్టాడు. 2005లో అమెరికాలో రోపినిరోల్‌కు అనుమతొచ్చింది. మొదట అద్భుతంగా పనిచేసే ఈ మందులు ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందిలో జబ్బును ముదిరేలా చేశాయి. రాత్రి పదింటి గుంజుడు మధ్యాహ్నానికే మొదలయ్యేది. అందుకే అమెరికా నిద్రవైద్యుల సంఘం 2025 సూచనల్లో వీటిని వెనక్కి నెట్టి, ముందు ఐరన్ చూడమంది. డెబ్భై ఏళ్ళు తిరిగి నార్డ్‌లాండర్ దగ్గరికే వచ్చారు.

నా హిమోగ్లోబిన్ నార్మల్. "అంతా బాగుంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు ఒకచోట. విట్‌మాక్ ఇంకా బతికే ఉన్నాడనిపించింది. ఇంకోచోట ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, చూశారు. 19 ఉంది. ఈ జబ్బున్నవాళ్ళకు 75 వరకూ ఉన్నా ఐరన్ ఇచ్చి చూడమని 2018లోనే అంతర్జాతీయ నిపుణులు రాశారు. డాక్టర్ చెప్పినట్టు ఐరన్ వాడాను, సాయంత్రం కాఫీ మానేశాను, పడుకునే ముందు వేణ్ణీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాను. మూడు నెలలకు నిద్ర తిరిగొచ్చింది. పూర్తిగా పోలేదు. కొన్ని రాత్రులు ఇప్పటికీ వాకిట్లో తిరుగుతాను, నాయనమ్మలాగే. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, దాని జన్యువులు కొన్ని 2007లో దొరికాయి. ఆమెకు ఉన్నదీ ఇదేనా అంటే, పరీక్ష చేయడానికి ఇప్పుడామె లేదు.

పోయిన బతుకమ్మ పండక్కి మహబూబాబాద్ పోయాను. చిన్నమ్మ కూతురికి ఏడో నెల. "రాత్రయితే కాళ్ళు గుంజుతున్నయ్ అన్నా" అంది. పక్కనున్నవాళ్ళు అప్పుడే "గట్లనే ఉంటది" అనబోతున్నారు.

"పనిచేస్తుంటెనా, పండుకుంటెనా?" అని అడిగాను.

"పండుకుంటెనే" అంది, నాకెట్లా తెలుసా అన్నట్టు చూస్తూ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రక్తపరీక్షకు పోయాం.