1899 సెవానీ టైగర్స్ ఫుట్‌బాల్ జట్టు

1899 సెవానీ టైగర్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెన్నెసీ రాష్ట్రానికి చెందిన యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ తరఫున 1899లో ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ఈ విశ్వవిద్యాలయం సెవానీ అనే చిన్న ఊరిలో ఉన్నందున దానిని కూడా సెవానీ అనే పేరుతోనే పిలుస్తారు. కొన్ని వందల మంది విద్యార్థులు మాత్రమే గల ఈ సంస్థ జట్టు ఆ సంవత్సరం ఆడిన 12 ఆటలలోనూ గెలిచి, సదరన్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ విజేతగా నిలిచింది. మొత్తం 322 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు 10 పాయింట్లు మాత్రమే ఇచ్చింది. రైలులో ప్రయాణిస్తూ ఆరు రోజులలో ఐదు ఆటలు గెలవడం ఈ జట్టు ప్రసిద్ధికి ముఖ్య కారణం. ఈ ఆటగాళ్ళను "ఐరన్ మెన్", అనగా ఉక్కు మనుషులు, అని వ్యవహరిస్తారు.

ఆనాటి ఆట

అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు. ఇందులో కోలగా ఉండే బంతిని చేతపట్టుకొని ప్రత్యర్థి హద్దు దాటించడం ప్రధానం. 1899 నాటి నియమాలు నేటి నియమాలకు భిన్నమైనవి. అప్పట్లో టచ్‌డౌన్‌కు 5 పాయింట్లు, దాని తరువాతి గోలుకు 1 పాయింటు, ఫీల్డ్ గోలుకు 5 పాయింట్లు లభించేవి. మూడు ప్రయత్నాలలో 5 గజాలు ముందుకు సాగాలి. బంతిని ముందుకు విసరడానికి 1906 వరకు అనుమతి లేదు. అందువలన ఆట ఎక్కువగా గుంపులుగా తోసుకుంటూ సాగేది, గాయాలు సర్వసాధారణం. ఒకసారి మైదానం విడిచిన ఆటగాడు తిరిగి ఆ ఆటలో పాల్గొనరాదు. కాబట్టి బంతితో దాడి చేసిన పదకొండు మందే ప్రత్యర్థిని అడ్డుకోవలసి వచ్చేది.

జట్టు

జట్టు శిక్షకుడు బిల్లీ సూటర్. ఇతడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆడి వచ్చినవాడు. 1899 ఇతనికి సెవానీలో మొదటి సంవత్సరం. జట్టు నాయకుడు హెన్రీ సీబెల్స్ 1973లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు. విద్యార్థి అయిన ల్యూక్ లీ జట్టు నిర్వాహకుడిగా పనిచేసి, ఆటలను, ప్రయాణాలను ఏర్పాటు చేశాడు.

ఆరు రోజుల యాత్ర

ఈ యాత్రకు మూలం డబ్బు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం సెవానీకి చిరకాల ప్రత్యర్థి. టిక్కెట్ల ఆదాయం పంపకంపై తగవు వచ్చి 1899లో ఆ రెండు జట్ల మధ్య ఆట జరగలేదు. ఎక్కువ రాబడి తెచ్చే ఆ ఆట పోవడంతో ల్యూక్ లీ దూరప్రాంతాల పెద్ద జట్లతో వరుసగా ఆటలు కుదిర్చాడు. ఒకే ప్రయాణంలో ఎక్కువ ఆటలు ఆడితే ఖర్చు కలిసివస్తుంది. అందుకే వాటి మధ్య విశ్రాంతికి వ్యవధి దాదాపుగా లేకపోయింది.

జట్టు సుమారు 2,500 మైళ్ళు రైలులో ప్రయాణించింది. తమ ఊరి ఊటనీటిని పీపాలలో వెంట తీసుకువెళ్ళారని చెబుతారు. నవంబరు 9న ఆస్టిన్‌లో టెక్సస్ జట్టును, 10న హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం జట్టును, 11న న్యూ ఆర్లియన్స్‌లో ట్యులేన్ జట్టును ఓడించింది. 12వ తేదీ ఆదివారం కావడంతో ఆట లేదు. 13న బేటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ జట్టుపై, 14న మెంఫిస్‌లో మిసిసిపీ జట్టుపై గెలిచింది. ఈ ఐదు ఆటలలో ప్రత్యర్థులెవరూ ఒక్క పాయింటు కూడా సాధించలేకపోయారు.

ఫలితాలు

* అక్టోబరు 21 - జార్జియా: 12-0
* అక్టోబరు 23 - జార్జియా టెక్: 32-0
* అక్టోబరు 28 - టెన్నెసీ: 46-0
* నవంబరు 3 - సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటీరియన్: 54-0
* నవంబరు 9 - టెక్సస్: 12-0
* నవంబరు 10 - టెక్సస్ ఎ అండ్ ఎం: 10-0
* నవంబరు 11 - ట్యులేన్: 23-0
* నవంబరు 13 - లూసియానా స్టేట్: 34-0
* నవంబరు 14 - మిసిసిపీ: 12-0
* నవంబరు 20 - కంబర్లాండ్: 71-0
* నవంబరు 30 - ఆబర్న్: 11-10
* డిసెంబరు 2 - నార్త్ కరోలినా: 5-0

వీటిలో అన్నిటికంటే కష్టమైనది మాంట్‌గోమరీ నగరంలో ఆబర్న్‌తో జరిగిన ఆట. సెవానీపై ఆ సంవత్సరం పాయింట్లు సాధించిన ఏకైక జట్టు ఆబర్న్. దాని శిక్షకుడు జాన్ హైస్మన్. కళాశాల ఫుట్‌బాల్‌లో ప్రతి సంవత్సరం ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఇతని పేరు మీద ఏర్పడినదే. ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కిన సెవానీ, రెండు రోజుల తరువాత అట్లాంటాలో నార్త్ కరోలినాను ఓడించి ఓటమి లేకుండా సంవత్సరాన్ని ముగించింది.

తరువాతి కాలం

ల్యూక్ లీ 1907లో నాష్‌విల్‌లో టెన్నెసీయన్ దినపత్రికను స్థాపించాడు. 1911 నుండి 1917 వరకు అమెరికా సెనేట్ సభ్యుడిగా ఉన్నాడు.

కాలక్రమాన కళాశాల ఫుట్‌బాల్ పెద్ద విశ్వవిద్యాలయాల చేతిలోకి వెళ్ళింది. 1932లో ఏర్పడిన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ వ్యవస్థాపక సభ్యులలో సెవానీ ఒకటి. అయితే 1899లో తాను ఓడించిన విశ్వవిద్యాలయాలలో పలు సంస్థలు సభ్యులుగా ఉన్న ఆ కాన్ఫరెన్స్‌లో సెవానీ ఆడిన 37 ఫుట్‌బాల్ ఆటలలో ఒక్కటీ గెలవలేదు. 1940లో దాని నుండి వైదొలగింది. తరువాత ఆటగాళ్ళకు క్రీడా ఉపకార వేతనాలు ఇవ్వని డివిజన్ 3 స్థాయిలో కొనసాగింది. చదువుకు లోబడిన క్రీడనే కోరుకున్న ఈ విశ్వవిద్యాలయానికి 1899 నాటి విజయం చరిత్రలో అత్యున్నత ఘట్టంగా మిగిలిపోయింది.