పావుగంట నడక దూరం: సైకిల్ యాత్రలో గిరణ్‌గావ్ శ్రామిక చరిత్ర

బొంబాయి మిల్లు కార్మికుల చరిత్ర చదివేవాళ్లు ముందుగా పట్టించుకోవలసిన లెక్క ఒకటుంది. 1925 నాటి ఒక అంచనా ప్రకారం ఆ నగరంలోని మిల్లు కార్మికుల్లో నూటికి తొంభై మంది తాము పనిచేసే మిల్లుకు పావుగంట నడకలోపే ఉండేవారు. చరిత్రకారుడు రాజనారాయణ్ చందావర్కర్ వాదనకు ఈ దగ్గరితనం గట్టి ఆధారం. సమ్మెలకు ప్రాణం పోసింది మిల్లు ఒక్కటే కాదనీ, పేట, చాళ్ల (ఒంటిగది ఇళ్ల వరస భవనాల) వరండాలు, కిరాణా కొట్టు ఉద్దర, వ్యాయామశాలలు కూడా వాటిని నిలబెట్టాయనీ ఆయన చూపించారు. పుస్తకంలో చదివి తలూపడం తేలికే. దగ్గర అంటే ఎంత దగ్గరో తెలియాలంటే ఆ వీధుల్లో తిరగాలి.

ఎలా తిరగాలన్నదే ఈ వ్యాసానికి విషయం. గైడు వెంట బృందంగా సైకిళ్ల మీద సాగే చరిత్ర యాత్రలు ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్నాయి. వాటిని విహారమని పక్కన పెట్టేయకుండా క్షేత్ర పరిశోధన పద్ధతిగా తీసుకుంటే ఏం దొరుకుతుందో, ఏం జారిపోతుందో లాల్‌బాగ్ నుంచి పరళ్ మీదుగా వర్లీ దాకా వెళ్లే దారిని ఆధారం చేసుకుని పరిశీలిస్తాను. ముంబయి వాళ్లు గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పిలిచే ప్రాంతం ఇదే.

నడిచి వెళ్తే ఒక చాళ్, రెండు సందులు బాగా తెలుస్తాయి, మిగతా పేటలు మిగిలిపోతాయి. టాక్సీ ఎక్కితే ఫ్లైఓవర్ మీద లాల్‌బాగ్ ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియదు. సైకిల్‌ను ఫ్లైఓవర్ ఎక్కనివ్వరు కాబట్టి కింది దారే గతి. మనకు కావలసిందీ ఆ కింది దారే. నేలంతా చదును. ఒక మిల్లు గేటు దగ్గర తొక్కడం మొదలుపెడితే కాసేపటికే ఇంకో గేటు, మధ్యలో ఒక చాళ్ల వరస, ఒక మారుతి గుడి, మూలన ఇరానీ హోటలు. కాళ్లు నొప్పెట్టేది రైలు పట్టాల మీది వంతెనలు ఎక్కేటప్పుడే. సెంట్రల్, వెస్టర్న్ మార్గాలు రెండూ ఈ పేటలను నిలువునా కోసుకుంటూ పోతాయి. తూర్పు నుంచి పడమరకు దాటాలంటే కర్రీ రోడ్ వంతెన లాంటివి కొన్నే దిక్కు. ఊరేగింపు కదలాలన్నా, దాన్ని ఆపడానికి పోలీసులు రావాలన్నా ఆ ఇరుకు దారులే. మ్యాపులో సన్నని గీతలా కనిపించే వంతెనను తొక్కుకుంటూ ఎక్కినప్పుడు అదెంత కీలకమైన చోటో అర్థమవుతుంది.

ఇలాంటి యాత్రలను తరచుగా ఆదివారం తెల్లవారుజామున పెడతారు. ట్రాఫిక్ ఉండదన్నదే కారణం. అయితే ఈ ఊళ్లో ఆదివారం సెలవుకే ఒక చరిత్ర ఉంది. సత్యశోధక సమాజంలో పెరిగిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి, వారానికో రోజు సెలవు కావాలని అడిగించాడు. మిల్లు యజమానుల సంఘం దానికి ఒప్పుకున్నది 1890 జూన్ 10న. లోఖండే ప్రస్తావన వచ్చినప్పుడు మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. జ్యోతిరావు ఫూలే స్థాపించిన ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో కామాఠీపురా తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. నిజాం ఇలాకా నుంచి వలస వెళ్లి ఈ నగరపు కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది.

సైకిల్‌కూ శ్రామిక రాజకీయాలకూ బంధం ఇంగ్లాండులో పాతదే. రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ మాంచెస్టర్‌లో 1891లో పెట్టిన ‘క్లారియన్’ పత్రిక పాఠకులు 1894లో బర్మింగ్‌హామ్‌లో సైకిల్ క్లబ్బు కట్టి, సెలవు రోజున పల్లెలకు వెళ్లి సోషలిస్టు ప్రచారం చేసేవారు. జర్మనీలో 1896 నుంచే కార్మిక సైకిలిస్టులకు సొంత సమాఖ్య ఉండేది. గిరణ్‌గావ్‌లో అలాంటి సంప్రదాయం లేదు. ఇక్కడి కార్మికుడు నడిచే వెళ్లాడు. సైకిల్ డబ్బావాలాది, పాలవాడిది. కార్మికుడి అడుగుజాడల్లో తొక్కుతున్నామని గైడు చెబితే అది అలంకారమే తప్ప చరిత్ర కాదు. మనం తొక్కుతున్నది అతని నడకను కొలవడానికి.

కొలత దొరికే చోట్లలో మొదటిది లాల్‌బాగ్. కొంకణ్ నుంచి వచ్చిన మగవాళ్లు పెళ్లాం బిడ్డల్ని ఊళ్లోనే వదిలి, ఒక్కో గదిలో పదిమందికి పైగా చేరి, షిఫ్టుల వారీగా చాపలు మార్చుకుని పడుకునేవారు. వీళ్లకు అన్నం పెట్టింది ఖానావళ్లు, మన పూటకూళ్ల ఇళ్ల లాంటివి. చాళ్‌లో తన గదిలోనే పొయ్యి పెట్టి, నెల మొదట్లో ఇచ్చే డబ్బుల మీద రెండు పూటలా వండి వడ్డించే ఆడవాళ్లవి. 1920లలో మిల్లుల్లో ఐదో వంతు దాకా ఉన్న స్త్రీలు తర్వాతి దశాబ్దాల్లో యంత్రాల మార్పులతో, యాజమాన్యాల విముఖతతో క్రమంగా బయటికి నెట్టబడ్డారు. చాలామందికి మిగిలిన బతుకుదెరువుల్లో ఈ వంట ఒకటి. 1975లో ప్రేమా పురావ్ స్థాపించిన అన్నపూర్ణ మహిళా మండలి పుట్టింది వీళ్ల అప్పుల బాధలోంచే.

సైకిల్ ఆపి ఇదంతా వినేది ఎక్కడ? రోడ్డు మీద. ఖానావళ్ నడిచింది మూడో అంతస్తులో, వరండా చివరి గదిలో. యాత్ర పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇదే. రోడ్డు నుంచి కనబడే చిమ్నీ, గేటు, విగ్రహం కథలో పెద్దవైపోతాయి. గదిలో జరిగిన పని గైడు నోట ఒక వాక్యంగా మిగులుతుంది. మీనా మీనన్, నీరా అదార్కర్ 2004లో ప్రచురించిన మౌఖిక చరిత్ర పుస్తకం ఈ లోటును కొంత తీరుస్తుంది. దాన్ని చదవకుండా ఈ యాత్రకు వెళ్లడం దండగ.

పరళ్‌లో బి.ఐ.టి. చాళ్ ముందు ఆగుతారు. 1896 ప్లేగు తర్వాత ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన ఇళ్లవి. అంబేద్కర్ రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడే ఉన్నారు. మాకు దారి చూపినాయన మిల్లు కార్మికుడి కొడుకు. అక్కడ సంచీలోంచి ఒక పాత నాడె (మగ్గపు షటిల్) తీసి అందరి చేతికీ ఇచ్చాడు. చెయ్యి పొడవు కర్ర, రెండు కొసలకూ ఇనుప మొనలు, పక్కన సన్నటి కన్ను. లోపల కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, ఆ కంటి దగ్గర నోరు పెట్టి ఊపిరి లోపలికి పీలిస్తే పేక దారం కొస బయటికి వస్తుంది. మగ్గం ఆగకూడదు కాబట్టి చేతితో గుచ్చుకుంటూ కూర్చోవడానికి వీల్లేదు. షిఫ్టు మారితే అదే నాడె ఇంకొకడి నోటికి. దారం మీది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, ఒకడి క్షయ ఇంకొకడికి.

అంటు అన్న మాట ఇక్కడే వచ్చింది. దళితులు నోరు పెట్టిన నాడెకు తాము నోరు పెట్టబోమని సవర్ణ కార్మికులు పట్టుబట్టడంతో దళితులకు నేత ఖాతాలో చోటు లేకుండా పోయింది. మంచి కూలి గిట్టేది ఆ ఖాతాలోనే. వాళ్లకు మిగిలింది తక్కువ కూలి వచ్చే వడుకు ఖాతా. ఆరు నెలలు సాగిన 1928 సార్వత్రిక సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్ని కమ్యూనిస్టు నాయకుల ముందు పెట్టారు. కార్మిక ఐక్యత గురించి ఎన్ని ఉపన్యాసాలు రాసిపెట్టుకున్నా ఆ చిన్న కంటి దగ్గర అది ఆగిపోయింది. వర్గమా కులమా అని సెమినార్లలో నడిచే చర్చను ఆ కర్రముక్క చేతిలో పట్టుకుని నడిపితే బాగుంటుంది.

ఇక్కడ తెలుగు పరిశోధకులకు ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. చేనేత దెబ్బతిన్నాక కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరళ్, ప్రభాదేవి చుట్టుపక్కల స్థిరపడి ఎక్కువగా నేత ఖాతాలోనే కుదురుకున్నారు. కులవృత్తి చేతిలో ఉండటం, ఊరివాడైన జాబర్ (మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ) పనిలో పెట్టించడం వాళ్లకు దారి చేశాయి. దళితులకు మూసేసిన తలుపు వాళ్లకు తెరిచి ఉంది. మన వలస నేతగాళ్ల కష్టాన్ని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ మాట దాటేస్తున్నాం. యాత్ర గైడు అసలు మనవాళ్ల ఊసే ఎత్తడు. అతని కథ కొంకణ్, సాతారా దగ్గర మొదలై మరాఠీలోనే ముగుస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడిపింది. ఆ రిజిస్టర్లు, కుల సంఘాల మినిట్సు పుస్తకాలు వెతికితే ఈ కథలో తెలుగు పాయ బయటపడుతుంది. ఆ పని చెయ్యాల్సింది మనమే, అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

వంతెన దాటి పడమరకు వస్తే ఎన్.ఎం. జోషీ మార్గ్, ఆపైన వర్లీ బి.డి.డి. చాళ్లు. 1920లలో ప్రభుత్వం తన బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బి.డి.డి.) ద్వారా నాలుగు చోట్ల కట్టించిన 207 భవనాల్లో ఎక్కువ భాగం వర్లీలోనే. భవనానికి 80 గదులు, గదికి 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడివి. ఒక్కొక్కటిగా పడగొట్టి టవర్లు లేపుతున్నారు. దారిలో ఫీనిక్స్ మిల్లు మాల్‌గా మారింది. పాత చిమ్నీని మాత్రం ఉంచారు. ఫోటోలన్నీ అక్కడే తీసుకుంటారు. దాని గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

చెప్పుకోవలసింది భూమి గురించి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మొదలుపెట్టిన సమ్మెను ముగించామని ఎవరూ ప్రకటించనే లేదు. ఉద్దర ఇచ్చే కొట్టు, అన్నం పెట్టే ఖానావళ్, పొలం ఉన్న సొంతూరు ఉన్నంతకాలం అది సాగింది. ఆ తర్వాత మిల్లులు మూతపడుతూ వస్తే వాటి భూమి ఎవరికన్న ప్రశ్న మిగిలింది. 1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధన మిల్లు భూమిని మూడు వాటాలు వేసి నగరానికి ఒకటి, గృహ నిర్మాణానికి ఒకటి, యజమానికి ఒకటి అంది. 2001 సవరణతో ఆ లెక్క మొత్తం భూమికి కాక కట్టడాలు లేని ఖాళీ స్థలానికే పరిమితమైంది. 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. దాదాపు 600 ఎకరాల మిల్లు భూమిలో ప్రజలకు దక్కవలసింది అలా కుంచించుకుపోయింది.

ఆ భూమికి బదులుగా దక్కవలసిన ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్న కార్మికులు, వారసులు లక్షన్నరకు పైనే. వాళ్లలో చాలామందికి ఇప్పుడు చూపిస్తున్నది బద్లాపూర్ దాటాక వచ్చే వాంగణీ, శేలు. ముంబయిలోనే ఇవ్వాలని సంఘాలు అడుగుతున్నాయి. సమ్మె తర్వాత తెలుగు నేతగాళ్లలో కొందరు భివండీ సాంచెల (మరమగ్గాల) మీదికి వెళ్లారు. అక్కడి పద్మనగర్ ఇప్పటికీ తెలుగు పేటే. పావుగంట నడకలో ఇమిడిన సమాజం ఇలా రైలు దూరాల్లోకి చెదిరిపోయిందన్నది ఈ చరిత్రలో సగం. వర్లీ జాంబోరీ మైదానం దగ్గర యాత్ర ముగించేస్తే ఆ సగం కనబడదు. సైకిళ్లు అక్కడ అప్పగించేసి, బృందాన్ని కర్రీ రోడ్‌లో లోకల్ ఎక్కించి వాంగణీ దాకా తీసుకెళ్లడం గైడుకు కష్టమేమీ కాదు, టికెట్టు ధరలో కొద్ది రూపాయలు కలుస్తాయంతే.