శంషాబాదు విమానాశ్రయ విస్తరణము

హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదునందు 2008 మార్చి 23న సేవలారంభించి, ఏటికి 1.2 కోట్ల ప్రయాణికులకై నిర్మితమైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమును, రాకపోకలు సాగుచుండగనే 3.4 కోట్ల సామర్థ్యమునకు పెంచిన కార్యక్రమమిది. పాత టెర్మినలునకు తూర్పు పడమరల నూతన భాగములను అంచెలంచెలుగా చేర్చుచు, నిర్మాణకాలమున రద్దీ తగ్గించుటకై 2018లో అంతర్జాతీయ నిష్క్రమణలకు తాత్కాలిక టెర్మినలును వేరుగా నెలకొల్పిరి. నిర్వాహకుల దూరదృష్టికి ఇదియే ప్రధాన నిదర్శనము, ఏలయన ప్రత్యామ్నాయము సిద్ధపరచక గోడ తొలగించుట నడచుచున్న విమానాశ్రయమున అసాధ్యము. 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకు మరమ్మతు వచ్చినప్పుడు సమాంతరమైన ద్వితీయ రన్‌వే ఆ భారము వహించును. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకేగు కార్మికులకు ఈ విమానాశ్రయమే ముఖ్య ద్వారము. ఏలయన పూర్వపు కరీంనగర్ జిల్లాలోని బసంత్‌నగర్‌నందును, ఆదిలాబాదునందును పాత ఎయిర్‌స్ట్రిప్పులున్నను ప్రయాణికుల విమానములు లేవు.